కొండ చాటు రేవు హైఫా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మధ్యధరా సముద్రపు తూర్పు ఒడ్డున, ఇజ్రాయెల్ ఉత్తర భాగంలో ఉన్న హైఫా ఓడరేవు గురించి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. కృష్ణపట్నం, గంగవరం రేవుల యాజమాన్యమే అక్కడా అడుగుపెట్టడం ఒక కారణం. ఉపాధికి ఇజ్రాయెల్ వెళ్లిన మనవాళ్లు ఇంకో కారణం. వచ్చిన వాటిలోంచి ఏడు ప్రశ్నలు తీసుకున్నాం.

ప్రశ్న: విశాఖ రేవు, హైఫా రేవు ఒకే నెలలో మొదలయ్యాయని చదివాను. నిజమేనా? రెండింటికీ పోలిక ఉందా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

నిజమే. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ విశాఖ లోపలి హార్బరులోకి వచ్చింది. అదే నెల 31న హైఫా రేవును ప్రారంభించారు. విశాఖలో లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది మాత్రం ఆ ఏడాది డిసెంబరు 19న. రెండూ బ్రిటిష్ పాలనలో కట్టినవే.

పోలిక కొండ దగ్గర మొదలవుతుంది. విశాఖలో డాల్ఫిన్ నోస్ సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చినట్టే, హైఫాలో కార్మెల్ పర్వతం పొడుచుకొచ్చింది. నైరుతి నుంచి వచ్చే గాలిని ఆ కొండ కొంత ఆపుతుంది. దాని చాటునే రేవు ఉంది.

పోలిక అంతవరకే. విశాఖలో గెడ్డ నీరు చేరే చిత్తడి నేలను తవ్వి, సన్నటి కాలువ గుండా ఓడల్ని లోపలికి తెచ్చారు. అంటే నేలలోకి నీటిని తెచ్చారు. హైఫాలో అలా తవ్వడానికి వీలైన లోతట్టు చోటు లేదు. కొండకూ సముద్రానికీ మధ్య ఉన్నది సన్నటి పట్టీ మాత్రమే. అందుకని సముద్రంలోకే రాతి గోడలు కట్టి, కొంత నీటిని లోపల బంధించి, అడుగున తవ్వారు. తవ్విన మట్టినీ ఇసుకనూ ఒడ్డున పోసి కొత్త నేల సృష్టించారు. హైఫాలో రేవు వెంబడి సాగే ఇండిపెండెన్స్ వీధి ఆ పోసిన నేల మీదిదే. బ్రిటిష్ కాలంలో దాన్ని కింగ్స్‌వే అనేవారు.

ఆటుపోట్లలోనూ తేడా ఉంది. విశాఖలో పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం సుమారు ఒకటిన్నర మీటరు మారుతుంది. హైఫాలో అది అర మీటరు కూడా ఉండదు. పోటు కోసం ఓడ కాచుకుని కూర్చోవాల్సిన పని అక్కడ లేదు. అలాగని పోటు సాయంతో ఇంకో అడుగు లోతు దొరికే అవకాశమూ లేదు. ఎంత తవ్వితే అంతే లోతు.

ప్రశ్న: 1933కి ముందు హైఫాలో సరుకు ఎలా దించేవారు? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

మీ ఊరి యాంకరేజి రేవులో చూస్తున్నట్టే. ఓడ దూరంగా లంగరు వేస్తుంది, బార్జీలు దాని పక్కకు వెళ్తాయి, సరుకు వాటిలోకి దించి ఒడ్డుకు తెస్తారు. కాకినాడకు హోప్ ఐలాండ్ అడ్డుంది కాబట్టి ఆ పని ఇప్పటికీ నడుస్తోంది. హైఫా అఖాతం వాయవ్యానికి తెరుచుకుని ఉంటుంది. చలికాలపు తుపాన్లలో అటునుంచి వచ్చే అలలకు ఓడా బార్జీ వేర్వేరు లయల్లో లేచి పడతాయి. స్లింగులో వేలాడే మూట ఓడ పక్కకు కొట్టుకుంటుంది, మోకులు తెగుతాయి, మధ్యలో ఇరుక్కున్న మనిషి ప్రాణానికే ముప్పు. అలాంటి రోజుల్లో పని ఆపేసి కూర్చోవడమే.

అసలు పాత కాలంలో ఈ అఖాతానికి పెద్ద రేవు హైఫా కాదు, ఉత్తర కొసన ఉన్న ఏకర్. అది మేట వేసి లోతు తగ్గింది. 18వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన జాహిర్ అల్ ఉమర్ పాత హైఫా గ్రామాన్ని ఖాళీ చేయించి, 1761 ప్రాంతంలో కొండ చాటున గోడలతో కొత్త ఊరు కట్టించాడు. అసలు మలుపు 1905లో వచ్చింది. డమాస్కస్ నుంచి మదీనా వైపు వేసిన హిజాజ్ రైలు మార్గానికి హైఫా నుంచి దెరా (ఇప్పటి సిరియాలో ఉంది) వరకు శాఖ వేశారు. గేజ్ 1,050 మిల్లీమీటర్లు, మన మీటరు గేజ్ కంటే ఐదు సెంటీమీటర్లు ఎక్కువ. దాంతో డమాస్కస్, హౌరాన్ పొలాల గోధుమ రైలెక్కి నేరుగా హైఫాకు చేరసాగింది. ఏకర్ వ్యాపారం ఇటు మళ్లింది. రేవును పెంచేది నీటి లోతు కన్నా దాని వెనకున్న దారి అని నమ్మేవాళ్లకు హైఫా మంచి ఉదాహరణ. మా అభిప్రాయమూ అదే.

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. హైఫాలో ఉన్నలాంటి రాతి అడ్డుగోడను సముద్రంలో ఎలా కడతారు? ఎందుకు కూలుతుంది? (అనకాపల్లి నుంచి ఒక విద్యార్థిని)

హైఫాలో మొదట కట్టినవి రెండు గోడలు. కార్మెల్ ముక్కు దగ్గర మొదలై తూర్పుకు సాగే పెద్ద గోడ సుమారు 2.2 కిలోమీటర్లు, తూర్పున ఒడ్డు నుంచి ఎదురు వచ్చే చిన్న గోడ 765 మీటర్లు. ఓడలు రెండు కొసల మధ్య నుంచి లోపలికి వస్తాయి. రాయిని దక్షిణాన తీరం మీదున్న అత్‌లిత్ క్వారీ నుంచి రైలు వ్యాగన్లలో తెచ్చారు.

ఇలాంటి గోడను పుట్టలా పేర్చుతారు, మూడు పొరలుగా. లోపలి గుండె భాగం క్వారీ నుంచి వచ్చిన కలగలుపు రాయి. కిలో రాళ్ల నుంచి కొన్ని వందల కిలోల బండల దాకా అన్నీ ఉంటాయి. దాని మీద మధ్య పొర, ఆ పైన అలను ఎదుర్కొనే కవచం. ఈ పొరల బరువుల మధ్య నిష్పత్తే ప్రాణం. కవచం రాయి 10 టన్నులైతే మధ్య పొర రాయి సుమారు 1 టన్ను ఉండాలి. అంతకన్నా చిన్నదైతే పైరాళ్ల సందుల్లోంచి అల వాటిని పీల్చేస్తుంది.

కవచం రాయి ఎంత ఉండాలో చెప్పేది హడ్సన్ సూత్రం. అందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: బరువు అల ఎత్తు ఘనంతో పెరుగుతుంది. గరుకు బండలు రెండు పొరలు, 2 అడ్డానికి 1 నిలువు వాలు, విరగని అల, ఘనమీటరుకు 2.65 టన్నుల రాయి అనుకోండి. రెండున్నర మీటర్ల అలకు 1.3 టన్నుల రాయి చాలు. 5 మీటర్ల అలకు 10 టన్నులు పైచిలుకు కావాలి. 6 మీటర్లకు ఏకంగా 18 టన్నులు. అల ఒక్క మీటరు పెరిగితే క్వారీలో అంత రాయి దొరకదు, అందుకే టెట్రాపాడ్ వంటి కాంక్రీటు దిమ్మలు పోస్తారు. వాటి కాళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి కాబట్టి బరువు తక్కువైనా నిలుస్తాయి.

ఇక పరిమాణం. 12 మీటర్ల లోతులో, నీటిపైకి 4 మీటర్ల ఎత్తుతో, పైన 8 మీటర్ల వెడల్పుతో, రెండు వైపులా అదే వాలుతో గోడ కట్టాలంటే అడుగున వెడల్పు 72 మీటర్లు అవుతుంది. అడ్డుకోత 640 చదరపు మీటర్లు. రాళ్ల మధ్య ఖాళీ పోగా, ఒక్క మీటరు పొడవుకు వెయ్యి టన్నులకు పైనే రాయి పడుతుంది. 20 టన్నుల వ్యాగన్లయితే యాభైకి పైగా. ఇది హైఫా డ్రాయింగు కాదు, మీరు కాగితం మీద వేసి చూసుకోవడానికి ఇచ్చిన లెక్క. క్వారీకి రైలు పట్టాలు ఎందుకు వేస్తారో దీంతో తెలుస్తుంది.

రాళ్ల మధ్య ఖాళీ సుమారు 37 నుంచి 40 శాతం. అది లోపం కాదు. అల ఆ సందుల్లోకి దూరి, చీలి, శక్తి పోగొట్టుకుంటుంది. ఆ ఖాళీలను కాంక్రీటుతో నింపి ‘గట్టి’ చేద్దామనుకుంటే అల నున్నగా పైకెక్కి గోడ దాటుతుంది, లోపల ఇరుక్కున్న నీటి ఒత్తిడి రాయిని బయటికి నెడుతుంది.

కూలడం చాలాసార్లు పాదం దగ్గర మొదలవుతుంది. ఇసుక అడుగు మీద గోడ కడితే, గోడకు తగిలి వెనక్కి మళ్లిన అల ఆ ఇసుకను తవ్వేస్తుంది. పాదం రాయి జారితే దాని పైరాయికి ఆసరా పోతుంది. అందుకే ఇసుకకూ రాయికీ మధ్య చిన్న రాళ్ల వడపోత పొరగానీ జియోటెక్స్‌టైల్ గానీ పరిచి, పాదాన్ని గోడ కన్నా ముందుకు చాచి వేస్తారు. రెండోది వెనక వైపు. గోడ దాటి పడిన నీరు లోపలి వాలు మీది చిన్న రాళ్లను ఊడ్చేస్తుంది. బయటివైపే చూసి లోపలివైపు పొదుపు చేసిన గోడలు ఇలాగే పోతాయి. మూడోది కట్టే క్రమంలో జరిగే నష్టం. గుండె రాయి పోసుకుంటూ చాలా ముందుకు వెళ్లి, కవచం వెనకబడితే ఒక్క తుపాను రాత్రికి ఆ చిన్న రాయి అంతా చెదిరిపోతుంది. కవచం లేని నిడివిని వీలైనంత తక్కువగా ఉంచడమే దానికి మందు.

ఇసుక సంగతి కూడా చెప్పాలి. ఆ తీరంలోని ఇసుక చాలావరకు నైలు నది తెచ్చినదే. డెల్టా నుంచి ప్రవాహాలు దాన్ని తూర్పుకూ, అక్కడి నుంచి ఉత్తరానికీ తోసుకొస్తాయి. ఆ ప్రయాణానికి చివరి మజిలీ హైఫా అఖాతం. అందుకే గోడల కొసల దగ్గర మేట వేయడం, పూడిక తీయడం తప్పని పని. విశాఖలో ఉత్తరానికి నడిచే ఇసుకను డాల్ఫిన్ నోస్ వైపు గుంటలో పట్టి, డ్రెడ్జర్‌తో తీసి ఆర్కే బీచ్ వైపు పోస్తారని మీకు తెలిసే ఉంటుంది. హైఫాలో అఖాతంలో ఆగిపోయే ఇసుక, విశాఖలో కొండ దాటి పోవాల్సిన ఇసుక. తేడా అదే.

ప్రశ్న: హైఫాను గెలిచింది హైదరాబాద్ లాన్సర్లా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

ఆ దళం ఉన్న బ్రిగేడ్ గెలిచింది, దాడి చేసింది మాత్రం జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో ఈ మూడు సంస్థానాల అశ్విక దళాలు ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న కార్మెల్ వాలు మీది తుపాకుల్ని మైసూర్ వాళ్లు పట్టారు. జోధ్‌పూర్ వాళ్లు కిషోన్ నది దగ్గర ఊబి ఇసుక వల్ల దాటలేక ఎడమకు మళ్లి, ఊళ్లోకి దూసుకెళ్లారు. వాళ్లను నడిపిన మేజర్ దల్పత్ సింగ్ అక్కడే చనిపోయారు. 1,350 మంది టర్కీ, జర్మన్ సైనికులు పట్టుబడ్డారు. మెషిన్‌గన్లకు ఎదురుగా ఈటెలు, కత్తులతో గుర్రాల మీద వెళ్లిన దాడి అది. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు మూడూ హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ దళాలవి. 2018లో ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చారు.

ప్రశ్న: ఇరాక్ చమురు హైఫాకు ఎలా వచ్చేది? ఇప్పుడు ఎందుకు రావడం లేదు? (మల్కాపురం నుంచి ఒక పాఠకుడు)

కిర్కుక్ బావుల నుంచి రెండు 12 అంగుళాల గొట్టాలు ఇరాక్‌లోనే ఉన్న హదీసా దాకా కలిసి వచ్చి, అక్కడ విడిపోయేవి. ఒకటి ఫ్రెంచి పాలనలోని లెబనాన్‌లో ట్రిపోలీకి, ఇంకోటి బ్రిటిష్ పాలనలోని హైఫాకు. 1934లో చమురు సముద్రం చేరింది, 1935 జనవరిలో లాంఛనంగా ప్రారంభించారు. హైఫా గొట్టం మొత్తం పొడవు సుమారు వెయ్యి కిలోమీటర్లు. దారిలో పంపు స్టేషన్లకు హెచ్-1, హెచ్-2 అని వరస పేర్లు పెట్టారు. హెచ్-3 అన్న పేరు ఇరాక్ యుద్ధాల వార్తల్లో విని ఉంటారు, ఆ వైమానిక స్థావరం పేరు ఈ పంపు స్టేషన్ నుంచి వచ్చిందే.

ఒక లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, వెయ్యి కిలోమీటర్ల పొడవు అంటే గొట్టం నిండడానికే 70 వేల ఘనమీటర్ల చమురు కావాలి. ఏడాదికి 20 లక్షల టన్నుల చొప్పున పంపితే రోజుకు సుమారు 6,400 ఘనమీటర్లు. కిర్కుక్‌లో ఈరోజు దించిన చుక్క హైఫాలో బయటపడేది పదకొండు రోజులకు. మధ్యలో ఎక్కడ తెగినా చమురు నేల పాలు, పంపులు ఆపాలి, ఆ నిడివి ఖాళీ చేయాలి, కొత్త ముక్క అతకాలి. 1936-39 అరబ్బుల తిరుగుబాటులో సరిగ్గా ఇదే జరిగింది. ఎక్కువ లోతులో లేని గొట్టాన్ని బయటికి తీసి, తుపాకీతో చిల్లు పెట్టి, కారిన చమురుకు నిప్పు పెట్టేవాళ్లు. ఎడారిలో వెయ్యి కిలోమీటర్లకూ కాపలా పెట్టడం ఏ సైన్యం వల్లా కాదు.

1939లో హైఫాలో రిఫైనరీ మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరాలోని బ్రిటిష్ నౌకలకు ఇంధనం ఇక్కడి నుంచే, అందుకే 1940లో ఇటలీ విమానాలు దీని మీద బాంబులు వేశాయి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడి యుద్ధం మొదలవగానే ఇరాక్ చమురు ఆపేసింది, గొట్టం మళ్లీ తెరవలేదు. అంతకు రెండేళ్ల ముందే, 1946 జూన్‌లో, యార్ముక్ నది మీద ఆ హిజాజ్ శాఖ రైలు వంతెనను యూదుల సాయుధ దళం హగానా పేల్చేసింది. అంటే రేవును పెంచిన రెండు దారులూ, రైలూ గొట్టమూ, రెండేళ్ల తేడాతో పోయాయి. రేవు మిగిలింది, వెనకున్న దేశాలకు దారి మిగల్లేదు. రిఫైనరీ మాత్రం ఓడల్లో వచ్చే చమురుతో నడుస్తోంది. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణి తగిలి అక్కడ ముగ్గురు ఉద్యోగులు చనిపోయారు. విశాఖ రిఫైనరీ పక్కనే బతికే మీకు ఆ వార్త ఎలా వినిపించి ఉంటుందో ఊహించగలం.

ప్రశ్న: గ్రానైట్ స్లాబులు హైఫాకు పంపాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు? (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు)

మొదట బరువు. 20 అడుగుల కంటెయినర్ మొత్తం బరువు పరిమితి సాధారణంగా 30,480 కిలోలు, ఖాళీ పెట్టె 2,200 నుంచి 2,400 కిలోలు. కానీ రోడ్డు, షిప్పింగ్ లైను పరిమితులు ఇంకా తక్కువ ఉంటాయి కాబట్టి సరుకు బరువు 26 టన్నుల దగ్గర ఆగడం మంచిది. చీమకుర్తి నల్లరాయి 2 సెంటీమీటర్ల మందానికి చదరపు మీటరుకు 58 నుంచి 60 కిలోలు తూగుతుంది. చెక్క బరువు తీసేస్తే 400 నుంచి 420 చదరపు మీటర్లు పడతాయి. 2016 జులై నుంచి నిండిన కంటెయినర్ తూకం ధ్రువీకరించకపోతే ఓడెక్కించరు. తూకం తప్పు రాస్తే గేటు దగ్గరే ఆగిపోతుంది.

చెక్క రెండోది. ఫ్రేములకు వాడే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండాలి, అలా వేడి చేసినట్టు చూపే ముద్ర దాని మీద ఉండాలి. ముద్ర లేని ఒక్క ముక్క దొరికినా సరుకంతా ఆపే అధికారం అక్కడివాళ్లకుంది. ఎక్కువమంది పొరపాటు చేసేది చివర్లో ఖాళీలు నింపడానికి దొరికిన చెక్కముక్కలు దోపినప్పుడే.

అంతకన్నా నష్టం తెచ్చేది పచ్చి చెక్క. అది ప్రయాణంలో ఎండి కుంచించుకుపోతుంది, స్టీలు పట్టీలు వదులవుతాయి, బండిల్ ఊగుతుంది. ఎర్ర సముద్రం గొడవల వల్ల ఆఫ్రికా చుట్టి వెళ్తే ప్రయాణం ఇంకా చాలా రోజులు సాగుతుంది, ఊగే రోజులూ అన్ని పెరుగుతాయి. బండిళ్లను పెట్టె మధ్యలో పెట్టి, రెండు పక్కలా గోడలకు కాకుండా కింది అంచు వెంబడి సాగే ఉక్కు దూలాలకు ఆనేలా అడ్డకర్రలు కొట్టండి. కంటెయినర్ పక్క రేకు బరువు మోయదు.

బుకింగులో రేవు పేరు హైఫా అని చూసి వదిలేయకండి. ఒకే పేరు కింద వేర్వేరు టెర్మినళ్లున్నాయి. ఏ టెర్మినల్‌లో దిగుతుందో రాయించుకుంటే, అక్కడి కొనుగోలుదారు లారీ సరైన గేటుకు వెళ్తుంది.

ప్రశ్న: హైఫా రేవును అదానీ కొన్నారంటారు, చైనావాళ్లు నడుపుతున్నారంటారు. ఏది నిజం? మా అక్క అక్కడ కేర్‌గివర్‌గా పనిచేస్తోంది, రేవును చూడొచ్చా? (నిజామాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

రెండూ నిజమే, రేవులు వేరు. పాత రేవును అదానీ పోర్ట్స్ 70 శాతం, స్థానిక గాడోట్ సంస్థ 30 శాతం వాటాతో 2023 జనవరిలో తీసుకున్నాయి. 2022లో గెలిచిన బిడ్ 410 కోట్ల షెకెళ్లు (ఇజ్రాయెల్ కరెన్సీ). హక్కు 2054 దాకా. నేల ప్రభుత్వానిదే, నడిపే హక్కే వీళ్లది. దానికి తూర్పున 2021 సెప్టెంబరులో తెరిచిన బే పోర్ట్‌ను షాంఘై రేవు సంస్థ 25 ఏళ్ల ఒప్పందంతో నడుపుతోంది. అక్కడ బెర్తు దగ్గర లోతు 17.3 మీటర్లు. 400 మీటర్ల పొడవు, 61 మీటర్ల వెడల్పు ఉన్న అతిపెద్ద కంటెయినర్ ఓడలు నిండుగా ఉన్నప్పుడు 16 మీటర్ల పైనే మునుగుతాయి. కింద ఇంకొంత నీరు మిగలాలి, క్రేను చెయ్యి అవతలి అంచు దాకా అందాలి. పాత రేవు 1933లో తవ్వింది సుమారు 11 మీటర్లే. కొత్త రేవు ఎందుకు కట్టాల్సి వచ్చిందో అందులోనే ఉంది. నౌకాదళ స్థావరం కూడా ఈ అఖాతంలోనే ఉండటంతో చైనా సంస్థ రాకపై అమెరికా బహిరంగంగా అభ్యంతరం చెప్పింది.

2023 సెప్టెంబరులో ఢిల్లీలో ప్రకటించిన భారత్–మధ్యప్రాచ్యం–యూరప్ కారిడార్‌లో ఆసియా వైపు చివరి రేవుగా హైఫాను అనుకుంటున్నారు. గల్ఫ్ నుంచి జోర్డాన్ మీదుగా రైలు రావాలి. హిజాజ్ శాఖ నడిచిన లోయలో 2016లో కొత్త ప్రామాణిక గేజ్ లైను వేశారు, కానీ అది బేత్ షెయాన్ దగ్గర ఆగిపోతుంది. సరిహద్దు దాటి పట్టాలు పడే దాకా ఆ ప్రణాళికలో హైఫా పాత్ర కాగితం మీదే.

ఇక మీ అక్క గారి సంగతి. రేవు లోపలికి పాసు లేకుండా వెళ్లనివ్వరు, నౌకాదళం వైపు ఫొటోలు తీయకూడదు. పైనుంచి చూడటమే మేలు. పారిస్ స్క్వేర్‌లో కార్మెలిత్ ఎక్కాలి. కొండ లోపలి సొరంగంలో తాడుతో లాగే రైలు అది, 1959 నుంచి ఉంది, ఆరు స్టేషన్లు. చివరి స్టేషన్ గాన్ హాయెమ్ దగ్గర దిగి కాస్త నడిస్తే లూయి ప్రొమెనేడ్ వస్తుంది. కింద రేవు, దాని రాతి గోడ, అఖాతం అవతల ఏకర్ మొత్తం కనిపిస్తాయి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం సాయంత్రం దాకా కార్మెలిత్ నడవదు, ఆమెకు వారం సెలవు శనివారమైతే బస్సో టాక్సీయో చూసుకోవాలి. కింద జాఫా రోడ్డులో భారత సైనికుల సమాధుల స్థలం కూడా ఉంది. మధ్యాహ్నం దాటాక వెళ్తే ఎండ వెనక నుంచి పడి గోడ కొస దాకా స్పష్టంగా కనిపిస్తుంది.